ఒడ్డెక్కిన పుట్టి

శీతల దేశాలలో సరస్సులు గడ్డకట్టక ముందే, గాలి నింపి, పైన నిలబడి తెడ్డు వేసుకొంటూ పోయే పలకలను జనం ఒడ్డుకు తెచ్చి, కడిగి, ఆరబెట్టి, గాలి తీసి, చుట్టి, మళ్లీ ఎండలు వచ్చే వరకు ఇంట్లో దాచుకొంటారు. అమెరికాలో ఉన్న మా మనవడు తన పలకకు ఈ ఉపచారమంతా చేస్తూ ఫోనులో చూపించాడు. నాకు మన గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ తీరాల పుట్టులు గుర్తుకు వచ్చాయి. అందులో సగం శ్రద్ధ మనవారు పుట్టికీ, చేపలవేటకు కట్టుకొనే లారీ ట్యూబుకూ చూపి ఉంటే, నేను ఉద్యోగకాలంలో చూసిన కేసులు కొన్ని ఆసుపత్రి దాకా వచ్చేవి కావు.

మన పుట్టికి విశ్రాంతి చలికాలంలో కాదు. పైన ఆలమట్టి, నారాయణపూర్ జలాశయాలు నిండి, జూరాల గేట్లు ఎత్తిన రోజులలో నదిలోకి దిగవద్దని హెచ్చరికలు వస్తాయి. అప్పుడు పుట్టులు గట్టెక్కుతాయి. ఎండాకాలం నీరు వెనక్కు తగ్గినప్పుడు మరోసారి. కృష్ణ పాయల నడుమ ఉన్న గుర్రంగడ్డ వంటి ఊరిది మాత్రం వేరే సంగతి. అక్కడివారికి నది నిండినప్పుడే పడవ అవసరం ఎక్కువ.

సుమారు 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తుంగభద్ర దాటించే ఇటువంటి పడవలను వర్ణించాడు. బుట్టవలె గుండ్రంగా ఉండి, పైన తోలు కప్పి ఉండేవట. ఈ ఐదు వందల సంవత్సరాలలో తోలు పోయి ప్లాస్టిక్ పట్టా, తారు వచ్చాయి. వెదురు అల్లిక మాత్రం అలాగే ఉన్నది. వైద్యుడిగా నాకు ఆందోళన కలిగించేది కొత్తగా వచ్చిన ఆ పట్టా, తారులే.

తోలు నీటిని కొంత పీల్చుకొంటుంది, తారు పూసిన పట్టా చుక్కకూడా వదలదు. గట్టుమీద వెల్లకిలా వదిలిన పుట్టిలో ఒక వాన కురిస్తే చాలు, అది దోమల తొట్టి అవుతుంది. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమకు మురుగునీరు అక్కరలేదు. పుట్టి, పాత టైరు, కొబ్బరిచిప్ప వంటి వాటిలో నిలిచిన వాననీరే దానికి ఇష్టం. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అది కుట్టేది పగటిపూట. అందువలన రాత్రి దోమతెర కట్టుకొన్నంత మాత్రాన దీని బారినుంచి తప్పించుకోలేము.

చాలామందికి తెలియని విషయం ఒకటున్నది. ఏడిస్ దోమ గుడ్లను నీటిలో వదలదు, నీటి అంచుకు కాస్త పైన, తడిగా ఉన్న గోడకు అంటిస్తుంది. నీరు పారబోసినా, ఎండినా, ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీరు తగిలితే పిల్లలవుతాయి. కనుక పుట్టిని బోర్లించడానికి ముందు లోపలి అంచును కొబ్బరిపీచుతోనో, చీపురుతోనో గట్టిగా రుద్ది కడగాలి. ఈ పని చేసేవారిని నేను అరుదుగా చూశాను. ఇక జ్వరమే వచ్చిందనుకోండి, డెంగీ కాదని తేలేవరకు పారాసిటమాల్ తప్ప మరే నొప్పిమాత్రా మింగవద్దు. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వంటివి రక్తస్రావానికి దారితీయవచ్చు.

మళ్లీ నీటిలోకి దింపే ముందు పుట్టికి తారు కాచి పూస్తారు. మన పల్లెలలో డాంబరు అంటారు. పొయ్యిమీది డబ్బా ఒరిగి చేతిమీదో, పాదంమీదో పడిన కేసులు నేను చూసినవాటిలో ఒక్కటికూడా చిన్నది కాదు. మరుగుతున్న నీరు పడితే జారిపోతుంది. తారు అంటుకొని, వేడిని లోపలికి దింపుతూనే ఉంటుంది. వెంటనే ఇరవై నిమిషాలపాటు చల్లని నీటిధార కింద ఉంచాలి. ఐసుగడ్డ పెట్టవద్దు. గట్టిపడిన తారును పీకవద్దు, దానితోపాటు చర్మం ఊడివస్తుంది. కిరోసిన్, పెట్రోలుతో తుడవడం మరింత ప్రమాదం. చల్లబడిన తారు శరీరంమీద కొంతసేపు ఉన్నందువలన వచ్చే నష్టమేమీ లేదు. ఆసుపత్రిలో వాజలీన్ వంటి జిడ్డు పదార్థం పూసి, మెత్తబడిన తరువాత నెమ్మదిగా తీస్తారు. ఒక తల్లి తన కొడుకు అరచేతినుంచి తారుముక్కను ఇంట్లోనే లాగి, చర్మాన్ని కొంగులో మూటగట్టి తెచ్చింది. ఆ పిల్లవాడి వేళ్లు తరువాత పూర్తిగా చాచుకోలేదు.

బోర్లించిన పుట్టి కింద చీకటి, చల్లదనం ఉంటాయి. వడ్లగింజలు రాలిన చోట ఎలుకలు చేరతాయి, ఎలుకల వెంట పాములు వస్తాయి. పుట్టిని గడ్డివాము పక్కన కాక, చదునుచేసిన ఖాళీ జాగాలో రాళ్లమీద ఎత్తిపెట్టండి. ఎత్తేముందు కర్రతో తట్టండి, అంచు కింద చేయి దూర్చకండి. కట్లపాము కాటుకు నొప్పి, వాపు లేకపోవచ్చు. కనురెప్పలు వాలిపోతున్నాయంటే విషం ఎక్కిందని అర్థం. కోయడం, తాడు బిగించడం చేయక, కాటుపడిన అవయవం కదలకుండా ఉంచి, సీరం ఉన్న ఆసుపత్రికి తీసుకుపోండి. ఎర్రతేలు కుట్టిన పిల్లలకు ఒళ్లంతా చెమటలు పట్టి చేతులు చల్లబడితే అదీ అత్యవసరమే. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ మాత్రతో ఈ మరణాలను ఎంతగానో తగ్గించి చూపారు. మంత్రం వేయించుకొంటూ కూర్చుంటే ఆ మాత్ర ఇచ్చే సమయం మించిపోతుంది.

ఇక ట్యూబు. గాలి నిండుగా ఉన్న లారీ ట్యూబును ఎండలో గోడకు ఆనించి నెలల తరబడి వదిలేస్తే రబ్బరు బిగిసి, సన్నని బీటలు వారుతుంది. అవి కంటికి ఆనవు, నీటి మధ్యలో బయటపడతాయి. నేను పనిచేసిన ఒక ఆసుపత్రికి అటువంటి ట్యూబుతో చెరువులో దిగిన ఇరవై ఏళ్ల యువకుడిని తీసుకువచ్చారు. నేను చేయగలిగింది మరణాన్ని ధ్రువీకరించడమే. అతని భార్యకు అప్పటికి ఏడో నెల. ట్యూబును కూడా తెచ్చి బల్ల పక్కన పెట్టారు, దాని అతుకు దగ్గర జానెడు నెర్ర ఉన్నది.

దాచేటప్పుడు ట్యూబును కడిగి, నీడలో ఆరబెట్టి, సగానికిపైగా గాలి తీసి, ఇంటిలోపల పరచి ఉంచండి. డీజిలు, కిరోసిన్ డబ్బాల దగ్గర పెట్టకండి, ఒకే మడతలో మడవకండి. మళ్లీ దిగబోయే ముందు గాలి కొట్టి ఒక రాత్రంతా ఉంచండి. తెల్లవారి సబ్బునీళ్లు పూసి చూడండి. ఎక్కడైనా బుడగ లేచిందంటే, అతుకు వేయించినా సరే, ఆ ట్యూబుతో లోతుకు పోవద్దు. కోసి ముక్కలు చేసి పారేయండి. కోయకుండా పెరట్లో పడవేస్తే వాననీరు నిలిచి, అదీ దోమలకే.