మెడలో కాలేజీ ట్యాగు

వరంగల్ కొత్తవాడలో ఒకప్పుడు ఏ గుమ్మం ముందు నిలబడ్డా మగ్గం చప్పుడు వినిపించేదని పెద్దలు చెబుతారు. ఇప్పుడు ఆ చప్పుడు కోసం చెవి రిక్కించాలి. ఇక్కడ నేసే వరంగల్ శత్రంజీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మగ్గం మీద కూర్చున్నవాళ్లు మాత్రం చాలావరకు తల నెరిసినవాళ్లే. నేను వెళ్లిన ఇంట్లో ఇరవై రెండేళ్ల కుర్రాడు ఉన్నాడు. చెప్పులు విప్పకముందే అడిగాడు.

"నీదే కాలేజ్ అన్నా?"

వాడి మెడలో నీలం ట్యాగు ఉంది, చివర కార్డు లేదు. వాళ్లక్క డిగ్రీ చదివినప్పటిదట. పొద్దున స్నానం కాగానే వేసుకుంటాడు, పడుకునేదాకా తియ్యడు.

వాళ్లమ్మ రాట్నం ఆపి చెప్పింది. "చిన్నప్పటిసంది బుద్ధి ఎదగలే సారూ. సదరం సర్టిఫికెట్ ఉన్నది. పదిదాక బడికి పోయిండు. ఆడ పరీక్ష తప్పిండు. గప్పటిసంది ఇంట్లనే."

వాడి ముందు రంగురంగుల కండెలు. ఎరుపులో రెండు ఛాయలున్నాయి, నా కంటికి ఒకటే. వాడు తప్పకుండా విడదీస్తున్నాడు. ఇదంతా ఎలా నేర్పారని తండ్రిని అడిగాను. మగ్గం మీదనుంచి దిగకుండానే చెప్పాడాయన. మొదటి నెలంతా కండె చేతికందించడమే. తర్వాత రెండు రంగులు. అవి కుదిరాక మూడోది. పోగు తెగితే చూపించడం ఒక పని, ముడి వేయడం ఇంకో పని. రెండూ ఒకేరోజు చెబితే వాడు లేచి వెళ్లిపోతాడట. "యాడాది పట్టింది. పట్టనీ. మాకు తొందరేమున్నది?"

పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి ఒక్కొక్కటే నేర్పమని ప్రత్యేక విద్య ఉపాధ్యాయులకు శిక్షణలో చెబుతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఒక జాతీయ సంస్థే ఉంది. బుద్ధిమాంద్యం ఉన్నవారికి నేర్పే గురువులు అక్కడ తయారవుతారు. ఏ శిక్షణా లేని ఈయన ఆ పద్ధతి మగ్గం దగ్గరే కనిపెట్టుకున్నాడు. ఆ ఓపిక మన కాలేజీ గదుల్లో ఎందుకు ఉండకూడదన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న.

చట్టం తలుపు మూయలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు ఉంచాలి, వయసులో ఐదేళ్ల సడలింపు ఇవ్వాలి. బుద్ధిమాంద్యం ఆ చట్టం చెప్పిన 21 వైకల్యాల్లో ఒకటి. కానీ ఆ సీటు దాకా రావాలంటే పది, ఇంటర్ గట్టెక్కాలి. సార్వత్రిక పాఠశాలలో ఐదేళ్లలో తొమ్మిదిసార్లు పరీక్ష రాసుకోవచ్చు. కొందరికి అది నిజంగా దారే. ఈ పిల్లవాడికి తొంభై సార్లు రాసినా అందదు. చూపు లేనివారికి, చేత్తో రాయలేనివారికి పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి ఉంటే చాలావరకు సరిపోతుంది. వీడికి కావలసింది పరీక్ష కాని ఇంకో తలుపు.

అలాంటి తలుపు ఎక్కడా లేనిదేం కాదు. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో 1987లోనే తెరుచుకుంది. బుద్ధిమాంద్యం ఉన్న యువత అందరితోపాటే తరగతిలో కూర్చుంటారు, తమకు తగ్గట్టు మార్చిన పని చేస్తారు, తోటి విద్యార్థులతో తిరుగుతారు. అమెరికాలో 2008 చట్టం తర్వాత ఇలాంటి కొన్ని కోర్సుల్లో చేరినవారికి ప్రభుత్వ ఆర్థిక సాయం కూడా దొరుకుతోంది. కాకతీయ విశ్వవిద్యాలయం 1976 నుంచి ఈ ఊళ్లోనే ఉంది. డిగ్రీ పట్టా ఇవ్వమని నేను అడగను. వారానికి రెండు పూటలు, ఒక తరగతి, పక్కన కూర్చునే ఒక స్నేహితుడు. ఇంతతో మొదలుపెట్టలేమా?

ఈ మాట అంటే తల్లి నన్ను నిలదీసింది. "కాలేజ్‌కి పోయి ఏం జేస్తడు సారూ? పోరగాళ్లు ఎక్కిరిస్తే?"

ఆమె భయం ఉత్తది కాదు. బడిలో అది జరిగింది. కాలేజీలో జరగదని నేను మాటివ్వలేకపోయాను. అక్క డిగ్రీకి వెళ్లి ఏం తెచ్చుకుందని మాత్రం అడిగాను. ఆమె కాసేపాగి, "దోస్తులను" అంది. పెళ్లికి ఒక ఆటో నిండా వచ్చారట. "వీనికి ఒక్కడు లేడు."

తండ్రి మగ్గం ఆపాడు. ఇక్కడి సొసైటీలు నేసిన శత్రంజీలు ప్రభుత్వ హాస్టళ్లకు వెళ్తుంటాయి. తాను నేసినవాటి మీద ఎంతమంది పిల్లలు కూర్చుని చదువుకున్నారో లెక్కలేదన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు, పేక సరిచేసుకున్నాడు.

బయల్దేరుతుంటే కుర్రాడు గుమ్మం దాకా వచ్చాడు, ట్యాగు సర్దుకుంటూ.

"మళ్ల ఎప్పుడొస్తవన్నా?"

"నువ్వే చెప్పు."

చాలాసేపు ఆలోచించాడు. "ఆదివారం రా. ఆదివారం నాకు కాలేజ్ ఉండదు."