బలం కొలిచే సామాను – ఆక్రన్ ప్రయాణం

క్లీవ్‌లండ్ నుంచి ఆక్రన్ నలభై మైళ్ళు. 77వ నంబరు రోడ్డు పట్టుకుని దక్షిణంగా పోతే ముప్పావుగంటలో దిగిపోవచ్చు. ఒకప్పుడు లోకానికంతా టైర్లు చేసిపెట్టిన ఊరు. మనవాళ్ళు కొలంబస్ వైపో, పిట్స్‌బర్గు గుడికో పోయేవారే గాని ఆక్రన్ చూద్దామని ఎవరూ బయలుదేరరు. కిందటి నెల మేము రెండు కుటుంబాలవాళ్ళం పులిహోర, పెరుగన్నం కట్టుకుని, పనిగట్టుకుని అక్కడికే వెళ్ళాం. కారణం ఒక గరాజు.

మన సంఘంలో పెద్దవారొకరు తమ ఫిజియోథెరపీ క్లినిక్ మూసేశారు. సామాను చాలావరకు అమ్ముడుపోయింది. మిగిలినవి ఒక మోనార్క్ సైకిలు (దీనిమీద ఎంత తొక్కినా అంగుళం కదలం, ఎంత పని చేశామో మాత్రం చెబుతుంది), పిడికిలి బలం కొలిచే జామార్ డైనమోమీటర్లు మూడు, కంప్యూటరుతో మోకాలి బలం కొలిచే బీరువాంత యంత్రం ఒకటి. "పారెయ్యడానికి చెయ్యి రావడం లేదండీ, ఎవరికైనా ఇద్దాం" అన్నారాయన. మ్యూజియానికి ఇవ్వాలని కొందరు, మనవైపు వైద్యకళాశాలకు పంపాలని కొందరు. సరే, ముందు మ్యూజియం చూసొద్దామని బయలుదేరాం.

ఆక్రన్ విశ్వవిద్యాలయం 1965లో మనస్తత్వశాస్త్ర చరిత్రకోసం ఒక భాండాగారం మొదలుపెట్టింది. కాలేజీలు అటకమీద పడేసిన ఇత్తడి పనిముట్లు, ప్రొఫెసర్ల ఉత్తరాలు, నోటుపుస్తకాలు అక్కడికి చేరుతూ వచ్చాయి. 2018లో వాటితో జాతీయ మ్యూజియం తెరిచారు. మిల్‌గ్రామ్ తన ప్రయోగంలో వాడిన షాక్ పెట్టె వీళ్ళ దగ్గరే ఉంది. వరుసగా స్విచ్చులు, చూస్తేనే గుండె ఝల్లుమంటుంది. నిజానికి అవతలి గదిలోని మనిషికి దానితో షాక్ తగల్లేదని తెలిశాక మా పిల్లలకు దానిమీద గౌరవం పోయింది.

మనసు సంగతి చూసేవాళ్ళకు కండబలంతో పనేమిటని మాలో ఒకావిడ అడిగారు. 1890లో కాటెల్ అనే ఆయన మనస్సును కొలవడానికి పది పరీక్షలు రాశాడు. అందులో మొదటిదే పిడికిలి బిగింపు!

అసలు ఈ పిడికిలి పనిముట్టు చరిత్ర అంత ముచ్చటైనదేమీ కాదు. 1798 ప్రాంతంలో ఫ్రాన్సులో రెన్యే అనే ఆయన దాన్ని తయారుచేశాడు. 1800లో బయలుదేరిన బోదాఁ ఓడలో పెరోఁ అనే యువకుడు దాన్ని పట్టుకెళ్ళి, టాస్మేనియా, ఆస్ట్రేలియా, టిమోర్ ప్రజలచేత నొక్కించి, నాగరికులకంటే ఆటవికులు బలహీనులని తేల్చేశాడు. ఆకలి, కొత్త వస్తువు, అడిగేవాడి భాష తెలియకపోవడం – ఇవేవీ ఆ ముల్లు చూపించదు కదా.

ఒంటి సత్తువ కొలత మన హైదరాబాదులో వేరే మాట చెప్పింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు 1977లో ఫ్యాక్టరీ కార్మికుల గురించి, 1979లో పల్లెటూరి కుర్రాళ్ళ గురించి పరిశోధనలు ప్రచురించారు. చిన్నప్పుడు తిండి చాలక గిడసబారిన పిల్లవాడు పెద్దయ్యాక ఒళ్ళు చిన్నదై, పనిచేసే సత్తువకూడా తక్కువై ఉంటాడని అందులో తేలింది. పెరోఁ జాతిని చూశాడు, వీళ్ళు కంచాన్ని చూశారు.

తిరిగొస్తూ కారులో మా డాక్టర్లకు మొదటి సంవత్సరం ఫిజియాలజీ ప్రాక్టికల్స్ గుర్తొచ్చాయి. టూరిన్ నగరపు మోసో కనిపెట్టిన ఎర్గోగ్రాఫు, మధ్యవేలికి తాడు, తాడు చివర బరువు, పక్కన టకటకమనే మెట్రోనోమ్. వేలు ఇక లేవదు అనుకున్నప్పుడు పక్కవాడు "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని కేకేస్తే మళ్ళీ లేచేది. అదికూడా పాఠంలో భాగమే!

ఆ వారమే మనవైపు ఒక వైద్యకళాశాల ఫిజియాలజీ మేడంగారితో ఫోనులో మాట్లాడాం. "కరెంటుతో నడిచేది మాత్రం వద్దండీ" అన్నారావిడ మొదటే. ఇదివరకు ఎవరో దాతలు పంపిన ట్రెడ్‌మిల్ 110 వోల్టులది, 60 హెర్ట్జ్‌ది. అక్కడ 230, 50. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులు దింపుతుంది గాని హెర్ట్జ్ మార్చదు. ఆ ట్రెడ్‌మిల్‌మీద ఇప్పుడు తడి గొడుగులు ఆరేస్తున్నారట.

సైకిలు సంగతి చెప్పగానే గొంతు మారింది. దానికి కరెంటు అక్కర్లేదు. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రపు అంచు 6 మీటర్లు పోతుంది. పట్టీ బిగువు ఒక కిలో పెట్టి నిమిషానికి 50 చుట్లు తొక్కితే 300 కిలోగ్రాం–మీటర్లు, అంటే సుమారు 50 వాట్లు. లెక్క పిల్లలే కట్టుకోవచ్చు. తూకం సరిగా ఉందో లేదో తెలిసిన బరువు ఒకటి వేలాడదీసి అక్కడికక్కడే చూసుకోవచ్చు. డైనమోమీటరూ అంతే. "బరువులు, మాన్యువల్, విడి పట్టీలు లేకుండా మాత్రం పంపకండి" అన్నారు. న్యాయమైన మాట. ఆక్రన్‌లో కూడా పనిముట్లతోబాటు కాగితాలు దాచింది ఊరికే కాదు.

కాబట్టి మ్యూజియం ఆలోచన మానుకున్నాం. మనస్తత్వశాస్త్రంతో సంబంధంలేని క్లినిక్ సామాను వాళ్ళకు అంటగట్టడం బాగుండదు. మోకాలి యంత్రం సాఫ్ట్‌వేరు నడిపే కంప్యూటరు ఇప్పుడు దొరకదు, అది పాత ఇనుముకిందే పోతుంది. పెద్దాయన కాస్త బాధపడ్డారు గాని ఒప్పుకున్నారు. సైకిలు ఓడమీద వెళుతుంది, కస్టమ్స్ కాగితాల పని మాలో ఒకరు చూస్తున్నారు.

ఇక మిగిలినవి మూడు డైనమోమీటర్లు, నాలుగు పట్టీలు. డైనమోమీటరు ఒక్కోటి కిలో కూడా ఉండదు. డిసెంబరులో హైదరాబాదు వెళ్ళేవారెవరైనా పెట్టెలో చోటిస్తే వచ్చే నెల సమావేశంలో చెప్పండి. ఊరగాయ జాడీలు వచ్చేటప్పుడు కదా, వెళ్ళేటప్పుడు ఖాళీ ఉంటుంది.