గాంధారిలో జొన్న రొట్టె

గోదావరి జిల్లాలో పుట్టి పెరిగిన నాకు మూడు పూటలా వరి అన్నమే అలవాటు. హెడ్మాస్టరు ఉద్యోగం విరమించాక, ఒక నెల పాటు పిల్లలకు ఉచితంగా లెక్కలు చెప్పటానికి గాంధారి వెళ్ళాను. గాంధారి కామారెడ్డి జిల్లాలోని మండలం. 2016 దాకా అది నిజామాబాదు జిల్లాలో ఉండేది. చుట్టుపక్కల లంబాడీ తండాలు చాలా ఉన్నాయి. (గాంధారి ఖిల్లా అనే పాత కోట మంచిర్యాల దగ్గర ఉన్నది. ఆ గాంధారి వేరు.)

నాకు బస ఇచ్చిన ఇంట్లో ఒక అవ్వ, ఆమె కోడలు, ఆరవ తరగతి చదివే మనమడు ఉన్నారు. పిల్లవాడి తండ్రి దుబాయిలో పని చేస్తున్నాడు. ఈ ప్రాంతంలో అటువంటి ఇళ్ళు తక్కువేమీ కాదు.

ఒకనాడు పిల్లవాడు టిఫిను డబ్బా పక్కకు తోసి, "జొన్న రొట్టె తీసుకుపోతే అందరూ నవ్వుతున్నరు. నాకు బన్ను కావాలె," అన్నాడు. అవ్వ ముఖం చిన్నబోయింది.

"జొన్నపిండితోనే బన్ను చెయ్యరాదా, సార్?" అని వాడు నన్నడిగాడు.

మంచి ప్రశ్న! నేను గోధుమపిండి ముద్ద ఒకటి, జొన్నపిండి ముద్ద ఒకటి తడిపించి, అరగంట ఆగి, రెండింటినీ నీళ్ళలో మెల్లగా పిసికి కడగమన్నాను. గోధుమ ముద్దలో తెల్లటి పిండి కొట్టుకుపోయి, రబ్బరులాగా సాగే బంక మిగిలింది. జొన్న ముద్ద మొత్తం నీళ్ళలో కలిసిపోయింది. పిల్లలూ, మీరూ ఇంట్లో ఇలా చేసి చూడవచ్చు.

ఆ బంక పేరు గ్లూటెన్. రొట్టెల భట్టీవాడు గోధుమపిండిలో ఈస్టు కలుపుతాడు. ఈస్టు వల్ల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. బంక సాగి, బుడగలను పట్టి ఉంచుతుంది. అందుకే బన్ను పొంగుతుంది. జొన్నలో ఆ బంక లేదు, కనుక వాయువు నిలవదు.

"మరి రొట్టె ఎట్ల నిలుస్తున్నది?" అన్నాడు వాడు.

దీనికి జవాబు అవ్వ చెప్పింది. "ఎసరు పొయ్యాలె బిడ్డా. సల్లనీళ్ళు పోస్తె ఇరిగిపోతది."

ఆమె మరిగే నీళ్ళు పిండిలో పోసి, గరిటెతో కలిపి, వేడి ఓర్చుకుంటూ అరచేతి మడమతో నలిపింది. జొన్నలోని గంజిపదార్థం సుమారు 70 డిగ్రీల వేడికి ఉబ్బి జిగురవుతుంది. గ్లూటెన్ చేసే పనిలో కొంత ఆ జిగురు చేస్తుంది. బడికి పోని అవ్వ చేతికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు! తరువాత ఆమె ముద్దను తిప్పుతూ, అరచేతితో చరుస్తూ, పల్చగా పెద్దది చేసి పెంక మీద వేసింది. (పెనాన్ని ఇక్కడ పెంక అంటారు.) పైన తడిగుడ్డతో నీళ్ళు అద్ది, తిరగవేసింది. లోపలి ఆవిరికి రొట్టె బూరెలా ఉబ్బింది. పల్లీల కారంతో నేను రెండు తిన్నాను.

ఆ రాత్రి తండ్రి ఫోను చేశాడు. పిల్లవాడు బన్ను సంగతి చెప్పగానే ఆయన నవ్వి, "నా గదిలో సుడాన్ ఆయన ఉన్నడు. వాళ్ళ దేశంల గూడ జొన్న రొట్టె తింటరు. కిస్రా అంటరంట," అన్నాడు.

నిజమే. సుమారు 5000 ఏళ్ళ కిందటే తూర్పు సుడాన్‌లో జొన్న పండించారు. అక్కడి నుంచే ఆ పంట మన దేశానికి వచ్చింది. నేను అట్లాసు తీసి సుడాన్ చూపించాను. పిల్లవాడు దుబాయి మీద ఒక వేలూ, సుడాన్ మీద ఒక వేలూ పెట్టి, మూడవ వేలు గాంధారికి అందించటానికి తంటాలు పడ్డాడు.

"వాళ్ళు గూడ ఎసరు పోస్తరా?" అని అవ్వ ఫోనులో అడిగింది.

"లేదమ్మా. పిండి పులవబెట్టి, దోసె లెక్క పల్చగ పోస్తరంట."

"పులిసిన రొట్టె నాకద్దు," అన్నది అవ్వ.

"నాకు కావాలె!" అన్నాడు మనమడు.