గదుమ మీద రాయి

పొద్దున హనుమకొండలో మా అక్క బిడ్డ అద్దం ముందు కూర్చొని గువాషా రాయితో దవడ రుద్దుకుంటుంది. రెండు చుక్కల నూనె, గదుమ నుంచి చెవి దాకా ఒకే దిక్కు, మెల్లగా. నాకు మా నాయనమ్మ యాదికొచ్చింది. చంటిపిల్లలకు నువ్వుల నూనె రాసి, బొటనవేలితో ముక్కూ గదుమా అట్లనే తీర్చేది.

"చిన్నమ్మా, దవడ సన్నబడ్డదా?" అని పిల్ల అడిగింది.

ఉన్నమాటే చెప్పిన. రాయి ఎముకను చెక్కదు బిడ్డా. నిద్రలో ముఖంలో చేరిన నీరు కదిలి ఉబ్బు తగ్గుతది, అదీ కాసేపే. పళ్లు బిగబట్టే అలవాటున్నోళ్లకు దవడ కండరం కొంచెం హాయిగుంటది. గట్టిగ రుద్దితే మాత్రం చర్మం కములుతది. మొటిమల మీద అసలే వద్దు.

చెక్కిన దవడలు చూడాలంటే రామప్పకు పోదాం. 1213 నాటి ఆ గుడి చూరు కింద నల్లరాతి మదనికల ముఖాలు ఉలితో తీర్చినవి. నీ ముఖం మీ అమ్మ నుంచి, మా నాయనమ్మ నుంచి వచ్చింది. నాకది ఎప్పుడూ ముద్దే.

పదహారేండ్ల పిల్ల తన ముఖాన్ని అయిదు నిమిషాలు ప్రేమగా తాకితే చాలా మంచిది. కొలుచుకుంటూ బాధపడితేనే నా పానం ఆగదు.