ముందు షాకబ్జర్లకి తొమ్మిది వేలు పెట్టాలా?

మా నాయినకి గుట్ట నరసింహస్వామి అంటే ప్రాణం. 2022 మార్చిలో కొత్త గుడి తెరిచినప్పటినుంచీ బండి మీదే తీస్కపొమ్మని ఒకటే పోరు. కారుంది కదా అంటే "కార్ల ఏముంటదిరా, గాలి గూడ తాకది" అంటాడు.

సరే అని మొన్నో ఆదివారం ఉప్పల్ నుంచి బయల్దేరాం. వరంగల్ హైవే మీద భువనగిరి దాటేదాకా హాయిగా పోయింది. రాయగిరి దగ్గర హైవే దిగాక మొదలైంది అసలు తంటా. నేను స్పీడ్ బ్రేకర్ చూసి బ్రేకు కొట్టడం, బండి ముక్కు నేలకి వంగడం, నాయిన వచ్చి నా వీపుకి గుద్దుకోవడం. దర్శనం అయ్యాక పులిహోర తింటూ మెల్లగా అన్నాడు: "నువ్వు బండి తీస్కపో బిడ్డా, నేను బస్సుల వస్త. నడుము గుంజుతున్నది."

ఆ మాట గట్టిగా తగిలింది. వెనకాల ఎవరూ లేకుండా ఆ అరవై కిలోమీటర్లూ ఒక్కణ్ణే వచ్చా.

ఆ రాత్రే నెట్లో వెతికి, ముందు ఫోర్కులకి గట్టి స్ప్రింగులు కార్టులో వేసేశా. ఆయిలు, కూలీ కలుపుకుని 9,000 లెక్క తేలింది. నిజం చెప్పొద్దూ, నాయిన నడుము ఒక సాకు. కొత్త పార్టులు బిగించుకోవాలనే దురద నాకు ముందునుంచీ ఉన్నదే :-)

మెకానిక్ ఒకే ప్రశ్న అడిగాడు. "అన్నా, ఫోర్క్ ఆయిల్ ఎప్పుడు మార్పించినవ్?" ఎనిమిదేళ్లు, 41,000 కిలోమీటర్లు... ఒక్కసారి కూడా లేదు. విప్పితే నల్లటి నీళ్లు కారాయి. సర్వర్ మార్చే ముందు లాగ్ చూడండయ్యా అని ఆఫీసులో జూనియర్లకి క్లాసు పీకేది నేనే!

తర్వాత కూర్చుని ఆలోచిస్తే తెలిసిందేంటంటే, వెనక కూర్చున్న మనిషి బరువు దాదాపు అంతా వెనక చక్రం మీదే పడుతుంది. ముందు స్ప్రింగు ఎంత గట్టిదేసినా ఆయన నడుముకి ఒరిగేదేం లేదు. పైగా చిన్న చిన్న గతుకులు కూడా నా చేతులకి తెలుస్తాయి. నాయిన 74 కిలోలు. నా వెనక షాకబ్జర్లేమో ఒక్కడికే సరిపోయే మెట్టు మీద ఉన్నాయి. గుంత వస్తే అడుగు తగిలి ఆ దెబ్బంతా ఆయన వెన్నుకే. టూల్ కిట్టులోని కొక్కెం పానాతో రెండు మెట్లు ఎక్కించా. ఖర్చు సున్నా. దాంతో స్ప్రింగు గట్టిపడదు, కాకపోతే ఇద్దరం కూర్చున్నా బండి కుంగిపోకుండా నిలబడుతుంది.

ఇక ముక్కు వంగడం. బ్రేకు వేస్తే బరువు ముందుకి రావడం ఏ బండికైనా తప్పదు. ఎంత వంగాలో స్ప్రింగు చూసుకుంటుంది, ఎంత వేగంగా వంగాలో ఆయిలు చూసుకుంటుంది. కొత్త ఆయిలు, సీళ్లు వేయించాక (900 అయింది) ఇప్పుడు కూడా వంగుతోంది కానీ ధబేల్మని కాదు. మిగతా తప్పు చివరి క్షణందాకా ఆగి బ్రేకు కొట్టే నాది. దానికి పార్టులు దొరకవు.

అలాగని ఆ స్ప్రింగులు దండగ అనను. మీరు భారీ మనిషై, కొత్త ఆయిలు పోసినా ముందు ఫోర్కు అడుగు తగులుతుంటే కొనాల్సిందే. నా కేసు అది కాదు.

నాయినకి ఇదంతా వివరించా. ఓపిగ్గా విని, "రాయగిరి దాక వస్త. ఆడికెళ్లి చూస్త" అన్నాడు. వచ్చే శనివారం వెళ్తున్నాం.