బొంత మీద కుట్టిన వాక్యం



గృహ దర్శనాలకు వెళ్లినప్పుడు మన సంఘంలోని పెద్దతల్లులు మాతో తరచూ అనే మాట ఒకటుంది. "మాకు చదువు రాదు అయ్యగారూ, మేమేం సేవ చేస్తాం?" ఆ మాట అనేటప్పుడు చాలాసార్లు వారి ఒడిలో పాత చీరలతో సగం కుట్టిన బొంత ఉంటుంది. అలాంటి తల్లుల కోసం ఈ వారం మేము హారియెట్ పవర్స్ అనే సహోదరిని జ్ఞాపకం చేసుకుంటున్నాం.

ఆమె 1837లో అమెరికాలోని జార్జియాలో బానిసగా పుట్టింది. విడుదల వచ్చాక భర్తతో కలిసి సేద్యం చేసుకుంది. గుడ్డముక్కలను మనుషులుగా, పక్షులుగా, జంతువులుగా, నక్షత్రాలుగా కత్తిరించి బొంత మీద కుట్టేది. 1886లో ఏథెన్స్ పట్టణంలో పత్తి ప్రదర్శన జరిగినప్పుడు ఆమె బొంత అక్కడ ఉంది. అందులో 11 గళ్లు. ఏదెను తోట, యాకోబు కల, యేసు బాప్తిస్మం, సిలువ, అన్నీ సూదితో చెప్పినవే.

తర్వాత కుట్టిన మరో బొంతలో 15 గళ్లు. యోబు, యోనాల పక్కనే ప్రకృతి కూడా ఉంది. 1833లో చుక్కలు రాలిన రాత్రి ఆమె పుట్టకముందు జరిగింది. లోకం అంతమైపోతుందని జనం భయపడ్డారు. ఆ గడిలో ఆమె దేవుని చేతిని కుట్టింది. 1895 నాటి చలికి కంచరగాడిద ఊపిరి కూడా మంచై వేలాడటం మరో గడిలో చూపింది. ఆకాశమూ వాతావరణమూ ఆమెకు వాక్యం పక్కన తెరిచిన మరో పుస్తకం.

మొదటి బొంతను కొంటానని జెన్నీ స్మిత్ అనే చిత్రకళ టీచరు అడిగితే ఆమె ఇవ్వలేదు. కొన్నేళ్లకు ఇల్లు గడవక తానే తీసుకెళ్లింది. 10 డాలర్లు అడిగింది, 5 వచ్చాయి. ఇచ్చేముందు ఒక్కో గడి అర్థం వివరించింది, స్మిత్ దాన్ని రాసిపెట్టింది. తర్వాత కూడా ఆమె తన బొంతను చూసుకోవడానికి చాలాసార్లు వెళ్లింది.

అదంతా దేవుని చిత్తమేలే అని మేము సరిపెట్టలేం. పేదరికం ఆమె చేతిలోంచి లాక్కున్న బొంత అది. ఆమె 1910లో ప్రభువు నొద్దకు చేరింది. ఇప్పుడు ఒక బొంత వాషింగ్టన్ స్మిత్‌సోనియన్‌లో, రెండోది బోస్టన్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. ఆ గౌరవం ఆమె కళ్లు చూడలేదు.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో తబితా కుట్టిన బట్టలను విధవరాండ్రు పేతురుకు ఏడుస్తూ చూపించారు. అప్పటికే ఆమె చనిపోయింది. మన తల్లుల పనిని చూపించడానికి అంతవరకూ ఆగవద్దు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఒక తల్లి పక్కన కూర్చోండి. బొంత కొంటే అడిగిన ధర ఇవ్వండి. ఆ కుట్టు మన ఆడపిల్లలకు నేర్పమనండి.

ప్రభువా, మా తల్లుల చేతిపనిని స్థిరపరచుము. వారు బ్రతికుండగానే దాన్ని చూసే కళ్లు మాకు దయచేయుము. ఆమేన్.