మామూ క్యాసెట్టు

నవ్వు మనిషికి భగవంతుడు ప్రసాదించిన వరమని పెద్దలంటారు. ఆ నవ్వు ఏ యాసలో పుట్టిందో ఆ యాసే మనిషికి పుట్టినిల్లని మాకు చాలా ఆలస్యంగా బోధపడింది. ఆ ఆలస్యానికి మేము చెల్లించిన మూల్యమేమిటో విద్యార్థి మిత్రులకూ, కళాశాల కార్యవర్గ పెద్దలకూ విన్నవించుకోవడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశ్యం.

మాది కోడుమూరు. కర్నూలు నుండి బళ్ళారికి పోయే మార్గంలో సుమారు 40 కిలోమీటర్ల దూరాన ఉన్న ఊరు. హంద్రి నది దగ్గరలోనే ఉన్నా, సంవత్సరంలో ఎక్కువ కాలం అది ఇసుకగానే కనిపించేది. వాన కురిస్తే వేరుసెనగ, జొన్న, ప్రత్తి. కురవకపోతే ఆకాశం వైపు చూపులు. ఇంట్లో మాది దక్కనీ, గడప దాటితే తెలుగు. ఒక మాటను ఒక భాషలో ప్రారంభించి మరొక భాషలో ముగించడం మాకు వింతగా తోచేది కాదు. కర్నూలును 1839 వరకు నవాబులు పాలించారు. ఆనాటి నుండి ఈ రెండు భాషలూ ఒకే సంతలో, ఒకే బావి గట్టున కలిసి బ్రతికాయి. మన దక్కనీలో "అని" అనే తెలుగు మాట పనిని "బోల్‌కే" చేస్తుందంటే, అది ఇరుగుపొరుగుల సహవాస ఫలమే.

1980 దశకంలో రాయలసీమ నుండి ఎందరో బ్రతుకుతెరువు కోసం కువైటుకు వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు వారి వెంట తప్పక వచ్చే వస్తువు టూ ఇన్ వన్. రేడియో, టేపు రికార్డరు రెండూ ఒకే పెట్టెలో ఇమిడి ఉండేవి. మా మేనమామ అక్కడ డ్రైవరుగా పనిచేసి ఒక టూ ఇన్ వన్‌ను తెచ్చారు. ఆయనను మేము మామూ అనేవారము. ఉత్తరం రాయడం రాని మా నానీమాకు ఆ పెట్టె ఒక పోస్టాఫీసు కూడా అయింది. మామూ కువైటులో మాట్లాడి పంపిన క్యాసెట్టును ఇక్కడ వినేది. తాను మాట్లాడి అక్కడికి పంపేది. ఫిలిప్స్ సంస్థ 1963లో లోకానికి పరిచయం చేసిన ఆ అరచేతి పెట్టె చదువురాని తల్లులకు చేసిన మేలు ఇంతా అంతా కాదు.

వేసవి రాత్రులలో మిద్దె మీద చాపలు పరచుకుని ఆ పెట్టె చుట్టూ చేరేవారము. కరెంటు పోతే బ్యాటరీలు. టేపు చిక్కుపడితే పెన్సిలు దూర్చి చుట్టేవారము. హైదరాబాదు వెళ్లివచ్చినవారు హాస్య ముషాయిరాల క్యాసెట్లు తెచ్చేవారు. ఒకరి నుండి ఒకరు నకలు తీసుకోగా, చివరికి మాకు చేరేసరికి సగం మాటలు, సగం గరగర. అయినను సులేమాన్ ఖతీబ్ కవిత్వాన్ని మేము తొలిసారి విన్నది ఆ గరగరలోనే. 1978లో కన్నుమూసిన ఆ గుల్బర్గా కవి అత్తాకోడళ్ల కలహాన్ని, వరకట్నపు బేరాలను ఇంటి మాటలోనే చెప్పి నవ్వించారు. నవ్వు ముగిసేలోగా కంటతడి పెట్టించారు. హైదరాబాదులో 1962లో జిందా దిలానె హైదరాబాద్ అనే హాస్యప్రియుల సంఘం ఏర్పడిందని, 1965లో బబ్బన్ ఖాన్ గారి "అద్రక్ కే పంజే" నాటకం మొదలై వేల ప్రదర్శనలకు నోచుకున్నదని పెద్దలు చెప్పుకునేవారు. తెలుగు నవ్వులకూ కొదువ లేదు. నేరెళ్ల వేణుమాధవ్ గారి ధ్వన్యనుకరణ, "మాయాబజార్" సంభాషణలు, "చింతామణి"లోని సుబ్బిశెట్టి మాటలు మాకు కంఠతా వచ్చేవి.

ఇంతకూ మేము ఎందుకంతగా నవ్వేవారము? హాస్యం గొప్పదని మాత్రమే కాదు. పాఠ్యపుస్తకంలో లేని మా మాట, రేడియో వార్తలలో వినపడని మా మాట, ఒక యంత్రం నోట వినిపిస్తున్నది! "నక్కో" అని, "కైకు" అని ఒక కవి వేదిక మీద పలుకుతుంటే వేలమంది చప్పట్లు కొడుతున్నారు! మా ఇంటి మాట కూడా వేదిక ఎక్కదగినదేనన్న ధైర్యం మాకు తెలియకుండానే కలిగింది.

మామూ అంతటితో ఆగలేదు. ఒక రాత్రి ఖాళీ క్యాసెట్టు పెట్టి, రికార్డు మీట, ప్లే మీట కలిపి నొక్కి, తామే ఒక ప్రహసనం చెప్పారు. కోడుమూరు బస్సులో కోడిపెట్టతో ఎక్కిన ఒక అవ్వ, ఒక కండక్టరు. రెండు గొంతులూ ఆయనవే.

"అవ్వా, కోడికి గూడా టికెట్టు కొట్టల్ల."

"కొట్టు నాయనా. కొడితే దానికీ సీటు ఇయ్యల్ల గదా. నువ్వు రోంత లెయ్యి, అది కూచ్చుంటాది."

"ఇంతకూ అది యాడ దిగుతాది?"

"దాన్నే అడుగు. టికెట్టు దానిదే గదప్పా!"

అంతట అవ్వ తన మనుమని వైపు తిరిగి దక్కనీలో గొణుగుతుంది: "ఇనే ముర్గీకు టికెట్ లేవ్ బోల్తా. రస్తేమే అండా డాలీతో ఆధా టికెట్ లేవ్ బోలేగా క్యా?" కోడికి టికెట్టు తీసుకొమ్మంటున్నాడు, దారిలో గుడ్డు పెడితే దానికి అర టికెట్టు అంటాడా ఏమి అని ఆమె సందేహం.

ఆ మాటకు మా నానీమా నవ్విన నవ్వు ఆ క్యాసెట్టులో పడింది. అది చిన్న నవ్వు కాదు. ఊపిరాడక, దగ్గుతూ, చాప మీద చేత్తో కొడుతూ నవ్విన నవ్వు. మామూ ఆ క్యాసెట్టు వెనుకనున్న రెండు చిన్న పలకలను కత్తి మొనతో విరిచేశారు. అవి విరిచినచో దాని మీద మరల రికార్డు చేయుటకు వీలుపడదని, ఇది ఎన్నటికీ చెరగరాదని మాకు చెప్పారు.

తరువాత మేము పై చదువుకు పట్టణం చేరాము. తెలుగు తరగతిలో "శానా" అన్నందుకు ఒకరోజు తరగతి అంతా నవ్వింది. ఉర్దూ తరగతిలో "హౌ" అన్నందుకు మరొకరోజు నవ్వింది. ఇది తెలుగు కాదని ఒకచోట, ఇది ఉర్దూ కాదని మరొకచోట. రెండు భాషలు వచ్చునని గర్వించిన మేము రెండింటిలోనూ తప్పు మాట్లాడేవారమైనాము. గోల్కొండలో ముల్లా వజ్‌హీ "సబ్‌రస్" అనే వచన గ్రంథాన్ని 1635లో రచించినది ఈ దక్కనీలోనేనని ఆనాడు మాకు చెప్పినవారు లేరు. తెలుగు మాండలిక పదాల కోసం భద్రిరాజు కృష్ణమూర్తి గారి వంటి పండితుల పర్యవేక్షణలో పల్లెలు గాలించి, వ్యవసాయ వృత్తి పదకోశాన్ని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లోనే వెలువరించినదనీ మాకు తెలియదు. తెలిసి ఉంటే తల ఎత్తుకునేవారమేమో. తెలియక తల దించుకున్నాము.

ఆ వేసవి సెలవులలో రేడియోలో ఆంగ్ల ఉచ్చారణ పాఠాలు వస్తున్నాయి. వాటిని రికార్డు చేసుకుని అభ్యాసం చేయాలని మా తపన. కొత్త క్యాసెట్టు కొనడానికి చేతిలో డబ్బు లేదు. మామూ మరల కువైటులో ఉన్నారు. పెట్టెలో ఆయన క్యాసెట్టు కనిపించింది. ఎటులైనను అవి మోటు మాటలే కదా అనుకున్నాము. విరిచిన పలకల సందులలో కాగితపు ముక్కలు మడిచి దూర్చాము. మీటలు నొక్కాము.

టేపు రికార్డరు పనితీరు మాకు తరువాత తెలిసింది. రికార్డు చేసేటప్పుడు టేపు మొదట చెరిపే తల మీదుగా సాగి, ఆ పిమ్మటనే రాసే తల వద్దకు చేరుతుంది. కొత్త మాట పడుటకు ముందే పాత మాట పోతుంది. 60 నిమిషాల క్యాసెట్టులో ఒక వైపు 30 నిమిషాలు. మా పాఠం దాదాపు ఆ వైపంతా ఆక్రమించింది.

రెండేళ్లకు నానీమా పరమపదించింది. మామూ వచ్చారు. నలభయ్యవ నాడు బంధువులందరూ ఇంట్లో ఉండగా, మా అందరికీ ఆమె నవ్వు వినిపిస్తానని ఆయన ఆ క్యాసెట్టును వెదకి తీశారు. కాగితపు ముక్కలను చూసినారో లేదో మాకు తెలియదు. మేము నోరు విప్పలేకపోయాము. ప్లే మీట నొక్కగానే ఒక పెద్దమనిషి ఆంగ్లంలో అచ్చుల ఉచ్చారణ నేర్పుతున్నాడు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. మామూ ఆపలేదు. టేపును కొంత ముందుకు నడిపి విన్నారు. మళ్లీ నడిపి విన్నారు. చిట్టచివర పాఠం ముగిసిన తరువాత ఒక టక్కుమనే శబ్దం, దాని వెంట నానీమా నవ్వు తోక. "బస్ కర్ రే, పేట్ దుఖ్తా." అంతే. టేపు అయిపోయింది.

మామూ మమ్ములను మందలించలేదు. "బస్ రే, ఇత్తా తో బచ్యా" అన్నారు. ఇంతైనా మిగిలింది అని. ఆ ఒక్క మాట మాకు వేయి దెబ్బల పెట్టు.

కాలక్రమంలో మన యాసకు కొత్త వేషాలు వచ్చాయి. 1997లో "ప్రేమించుకుందాం రా", 1999లో "సమరసింహారెడ్డి" వచ్చిన తరువాత వెండితెర మీద సీమ మాట వినపడితే కత్తులు, బాంబులు తప్పవన్నట్లు అయింది. ఆ మాటను తెరకెక్కించి పేరు తెచ్చుకున్న జయప్రకాశ్ రెడ్డి గారు అప్పటి కర్నూలు జిల్లా శిరివెళ్లలో పుట్టినవారే. ఆయన నోట అదే యాసకు ప్రేక్షకులు మొదట భయపడ్డారు, తరువాత కడుపారా నవ్వారు. ఆయన 2020లో కాలధర్మం చెందారు. ఒక యాస భయపెట్టేదీ కాదు, నవ్వులపాలయ్యేదీ కాదు. అది పలికే మనిషిని బట్టి, వినే మనస్సును బట్టి ఉంటుందని ఆయన జీవితమే చాటింది. తరగతిలో మా మాట విని నవ్వినవారికి మేము నవ్వుల వస్తువులము. మిద్దె మీద మామూ మాట విని నవ్విన మేము ఆ నవ్వులో భాగస్వాములము. బయటి చెవికి రెండు నవ్వులూ ఒకే తీరుగా వినిపిస్తాయి. మొదటి నవ్వుకు జడిసి రెండవదానిని మా చేతులతోనే చెరిపివేశాము.

మిగిలిన ఆ కొద్ది క్షణాల నవ్వును ఇటీవల ఫోనులోకి ఎక్కించుకున్నాము. మా ఇంటి పిల్లలు విని, ఈ అవ్వ ఎందుకు నవ్వుతున్నదని అడిగారు. కోడి కథ చెప్పాము. పిల్లలు మర్యాదకు నవ్వారు. కథ మాకు గుర్తున్నది. మామూ గొంతులోని ఆ విరుపు, తెలుగు నుండి దక్కనీకి దూకే ఆ దూకుడు మాకు రాలేదు. ఆయనా ఇప్పుడు లేరు. పదాలను కోశాలలో భద్రపరచవచ్చు. పలుకును వినవలసిందే తప్ప చదివి తెలుసుకోలేము.

విద్యార్థి మిత్రులారా! నేడు మీ ప్రతి ఒక్కరి చేతిలోని ఫోనులో మా మామూ టూ ఇన్ వన్‌కు మించిన టేపు రికార్డరు ఉన్నది. ఈ సెలవులలో మీ అవ్వ దగ్గర, మీ నానీ దగ్గర, మీ ఊరి సంతలో నవ్వించే పెద్దాయన దగ్గర కూర్చోండి. వారి అనుమతి పొంది వారి మాటను పట్టండి. పేరు, ఊరు, తేదీ చెప్పించి మొదలుపెట్టండి. సరిదిద్దకండి, దగ్గినా, తడబడినా అటులే ఉండనివ్వండి. ఇంటి మాటలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. సభలో సభ మాట నేర్వండి, ఆంగ్లమూ నేర్వండి. కాని ఒకదానిని చెరిపి మరొకదానిని రాసుకోవలసిన అగత్యం లేదు. ఆ రోజు మాకు కావలసింది ఇంకొక క్యాసెట్టు మాత్రమే.

కళాశాల కార్యవర్గ పెద్దలకు ఒక మనవి. గ్రంథాలయంలో ఒక బీరువా అరను, ఒక కంప్యూటరును ఈ గొంతుల కొరకు కేటాయించవలసినదిగా ప్రార్థిస్తున్నాము. ఉర్దూ శాఖ, తెలుగు శాఖ కలిసి చేయదగిన పని ఇంతకు మించి మరొకటి మాకు తోచడం లేదు. ఎందుకంటే ఆ గొంతులలో ఈ రెండు భాషలూ ఇదివరకే కలిసి ఉన్నాయి. ప్రతి రికార్డుకు రెండు నకళ్లు తీసి రెండు చోట్ల ఉంచవలసినదిగా కూడా మనవి. క్యాసెట్టుకైతే విరిచేందుకు రెండు పలకలుండేవి. ఫోనుకు అవి కూడా లేవు.